నీలం పడలేదట!

మా ఇంట్ల ఒక నీలం ఉంది. అసలు నీలం. అమ్మ తల్లిగారింటి నుంచి వచ్చింది. మా నారాయణఖేడ్‌ల ఎర్రరాళ్లు, పచ్చరాళ్లు బొచ్చెడు దొరుకుతయి గని, గసొంటి నీలం కండ్లవడుడే కష్టం. ఎండల పెడితే లోపల నీళ్లున్నట్టు మెరుస్తది. బీదర్ల దాన్ని ఉంగరం చేసిన ముసలి సేటు, "అమ్ముతరా?" అని ఒకటికి రెండుసార్లు అడిగిండట.

నాయినకు ఏల్నాటి శని మొదలైందని అయ్యగారు చెప్తే అమ్మనే ఆ రాయి తీసి ఇచ్చింది. నీలం శని రాయి, ఊకె పెట్టుకునేది కాదు. పడాలె. ముందుగాల బట్టల కట్టి మెత్త కింద పెట్టుకొని పండాలె. పాడు కలొస్తే పడనట్టు. నాయిన గుర్రు పెట్టి పండిండు. పొద్దుగాల లేచి, "కల లేదు గిల లేదు, పడ్డది" అన్నడు. ఇగ మా పెద్దనాయిన ఆగుతడా? బస్టాండు కాడ చాయ్ హోటల్ల కూసొని, "మా తమ్ముని ఏలుకు అసలు నీలం ఉంది. ఖేడ్ మొత్తంల ఇంకొకటి చూపెట్టుండ్రి" అని వచ్చేటోనికి పోయేటోనికి చెప్పుడే. మనూర్ దిక్కు నుంచి కందులు అమ్మవచ్చినోళ్లు కూడ నాయిన చెయ్యి పట్టుకొని చూసి పోయెటోళ్లు.

కొన్నేండ్లకు నాయినకు ఛాతిల నొప్పి లేసింది. "జల్దీ దవాఖానకు తీస్కపోదాం" అని అమ్మ మొత్తుకున్నది. "గ్యాస్ అది. సోడా తాపుండ్రి. గింతదానికే పరేషానా?" అన్నడు పెద్దనాయిన. మా ఇంట్ల ఆయన మాటే మాట. నాయిన సోడా తాగిండు. పొద్దుగూకకముందే పోయిండు.

దినాలు కూడ కాలేదు, పెద్దనాయిన నోరు మారింది. "నీలం పడలే. మీ అమ్మ ఇచ్చిన రాయే వాణ్ని మింగింది. మంజీరల ఏసి రాండ్రి." ఊరంత గదే మాట. పాపం, అమ్మ కూడ నమ్మింది. బువ్వ ముంగట కూసొని, "నేనే ఇస్తి గదనే" అని ఏడ్చేది. నాకు కడుపు మండిపోయేది. రాయి ఇచ్చినామెదే తప్పయితే, సోడా తాపమన్నాయన సంగతేంది?

అందుకే ఉంగరానికి దారం చుట్టి నేను పెట్టుకున్న. నాకు కుట్టు మిషనుంది. జాకెట్లు కుట్టిచ్చుకోవచ్చిన ఆడోళ్లు కొలతలు మరిచి నా ఏలు దిక్కే చూసెటోళ్లు. "భయం లేదానే నీకు?" అని అడిగితే, "అయ్యేదేదో నాకైతది గని, నువ్వు మెడ ఎంత లోతు పెట్టాల్నో చెప్పు" అనేదాన్ని.

మొన్న పెద్దనాయిన ఇంటికొచ్చిండు. నా చెయ్యి చూడంగనే, "ఇంకా తియ్యలేదా? మీ నాయిన పోయింది సాలదా?" అన్నడు. ఇగ నేను ఆగలే.

"నాయిన నీలంతోని పోలే, పెద్దనాయినా. దవాఖానకు వద్దన్న నీ మాటతోని పోయిండు. మంజీరల ఏసుడే అయితే గా మాటను ఏసి రా."

ఆయన మొఖం నల్లవడ్డది. "విన్నవా నీ బిడ్డ మాటలు?" అని అమ్మ దిక్కు తిరిగిండు.

అమ్మ లేసి నా దగ్గరికి వచ్చింది. కొడ్తదేమో అనుకున్న. చెయ్యి చాపింది.

"ఇటు తే. అది నేనిచ్చిన రాయి."

తీసిచ్చిన. అమ్మ నడిమేలుకు వదులైంది. బొటనేలుకు తొడుక్కున్నది. అదే చేత్తోని తలుపు చూపెట్టి, "ఇగ నువ్వు పో, బావా" అన్నది.