ఎన్ని తొవ్వలు

కోరుట్ల బస్సు రుద్రంగి చేరేసరికే జలపతి సారు అలసిపోయి ఉండేవాడు. దారిలో పోలీసులు బస్సాపి, అందరినీ దింపి, సంచులు వెతికి గానీ వదిలేవారు కాదు. మెడచుట్టూ చేతిరుమాలు, జేబులో సుద్దముక్కలు. బల్లకు నడుం ఆనించి, గొంతు పెంచకుండా లెక్కలు చెప్పేవాడు. ఆ సాయంత్రం బోర్డు మీద మూడు ఊళ్లు గీసి, "రుద్రంగి నుంచి కోరుట్లకు మూడు తొవ్వలు, ఆడికెల్లి జగిత్యాలకు రెండు. మొత్తం ఎన్ని తీర్ల పోవచ్చు?" అని అడిగాడు. "ఆరు" అన్నారు పిల్లలు. "ఔ. ఒక్కో తొవ్వకు రెండేసి. మూడు రెండ్ల ఆరు."

వెనక బెంచీలో రాజవ్వ లేచింది. ఆమె అన్న ఓదెలు నక్సలైట్లలో కలిసి అడవికి పోయి ఏడాదైంది. మొన్ననే పోలీసులు ఇల్లు సోదా చేసి, కొడుకు జాడ చెప్పమని తండ్రిని కొట్టిపోయారు.

"సార్, అడివిలకెల్లి ఊరి దాక మూడు తొవ్వలున్నయ్. ఊర్లకెల్లి ఇంటికి ఒక్కటి గూడ లేకపోతే, ఎన్ని తీర్ల రావచ్చు?"

సారు బోర్డు వైపు తిరిగి మూడు వేశాడు, పక్కన గుణకారం గుర్తు పెట్టాడు. ఆ పక్కన సున్న చుట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఆ పిల్ల నిలబడే ఉంది.

"బెల్లయింది బిడ్డా, పోండ్రి" అన్నాడు.

బెల్లు ఇంకా కొట్టలేదు. ఆ మాట పిల్లలెవరూ అనలేదు. సంచులు భుజాన వేసుకుని ఒక్కొక్కరే బయటకు నడిచారు.