తలకట్టు

వేలూరులో చదువుకున్న రోజుల్లో నా దగ్గర ఒక చిన్న నోటు పుస్తకం ఉండేది. మొదటి పేజీలో చూడవలసిన ఊళ్ళ జాబితా, తెలుగులో. చూసి వచ్చిన ఊరి పక్కన ఎర్ర సిరాతో ఒక టిక్కు. చదువు ముగించుకుని ఇల్లు చేరేనాటికి ఆ పేజీ నిండా టిక్కులే ఉండాలని నా పట్టుదల. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం నేను.

మాది మలేసియా. ముత్తాత కాలంలో చిత్తూరు వైపు నుంచి రబ్బరు తోట పనికి ఓడెక్కిన కుటుంబం. మా అవ్వ ఇండియాను మన దేశం అనేది, ఎన్నడూ కంటితో చూడకపోయినా. నాకు మాత్రం అది పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని వచ్చిన పరాయి దేశమే. లాబొరేటరీ కోర్సులో చేరి హాస్టల్లో దిగాను. ఆ రోజుల్లో వేలూరు కళ్ళ ముందే మారిపోతూ ఉండేది. సందుకొక ఎస్టీడీ బూత్, మేడల మీద డిష్ యాంటెనాలు, ఎటు చూసినా కొత్త లాడ్జీలకు పునాదులు.

శనివారం వస్తే చాలు, భుజానికి సంచి తగిలించుకుని బస్టాండుకు పరుగెత్తేదాన్ని. మొదట కోట చూశాను, అగడ్త చుట్టూ ఒక్కదాన్నే నడిచి. అమిర్తి జలపాతానికి పోతే అందులో చుక్క నీళ్ళు లేవు. పొడి రాళ్ళను కాసేపు చూసి, టిక్కు పెట్టి వచ్చేశాను. ఒడుగత్తూరు దాటి జవ్వాది కొండల్లో పెద్ద టెలిస్కోపు ఉందంటే అక్కడికీ వెళ్ళాను. ఆ సాయంత్రం మబ్బు పట్టి ఒక్క నక్షత్రమూ కనబడలేదు. దానికీ టిక్కే. ఆంబూరులో కడుపు పగిలేలా బిర్యానీ తిని, రైల్వే స్టేషన్లో కునుకు తీసి, ఊరు చూసినట్టే లెక్క వేసుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేసేదాన్ని. మీటరు మీద ఎర్ర అంకెలు పరుగెడుతూ ఉంటే నేను అంతకంటే వేగంగా ఊళ్ళ పేర్లు అప్పగించేదాన్ని. అవ్వ అన్నీ విని ప్రతిసారీ ఒకటే అడిగేది, ఎవరింట్లో అన్నం తిన్నావని. హోటల్లో తిన్నానంటే, అయితే ఏం చూసినట్టు అని ఫోను అమ్మకు ఇచ్చేసేది. నాకు ఒళ్ళు మండేది. ఊళ్ళు చూడటానికీ అన్నానికీ ఏమిటి సంబంధం అనుకునేదాన్ని.

రెండో ఏడు మా హాస్టల్ పక్కన కొత్త బ్లాకు కట్టడం మొదలుపెట్టారు. ఒక ఉదయం బట్టలు ఆరేస్తుంటే కింద పనిముట్లు వెతుక్కుంటూ ఎవరో వేసిన కేక వినబడింది. "రసమట్టం యాడ పెట్టినావు నాయనా? కాళ్ళొచ్చి నడిచిపోయిందా?" చేతిలోని బట్ట జారి కింద పడింది. అది అచ్చంగా మా అవ్వ మాట, అవ్వ వెటకారం. చుట్టూ అరవం తప్ప వినబడని ఆ ఊళ్ళో, అవ్వ గొంతు మగవాడి నోట్లోంచి వచ్చినట్టు తోచింది. మెట్లు దిగి పరుగెత్తాను.

ఆయన గుడియాత్తం మేస్త్రి. యాభై ఏళ్ళుంటాయి, తలకు ఎప్పుడూ తువాలు చుట్టుకుని ఉండేవాడు. భార్యాభర్తలిద్దరూ వారమంతా అక్కడే పనిచేసి శనివారం పొద్దున్నే ఊరికి పోయేవాళ్ళు. ఆ రోజు నుంచి ప్రతి సోమవారం నా నోటు పుస్తకం చూపించి ఎక్కడెక్కడ తిరిగానో చెప్పడం అలవాటైంది. ఈ ఎర్ర గుర్తేమని ఆయన అడిగితే, చూడటం అయిపోయినట్టు గుర్తు అన్నాను. మళ్ళీ అక్కడికి పోవా అని అడిగాడు. అయిపోయింది కదా, మళ్ళీ ఎందుకని నవ్వాను.

ఆయన నా రాతను చాలాసేపు చూసేవాడు. వాళ్ళ ఇంట్లో, వీధిలో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ చదివిందంతా అరవం. అదీ ఆయన రెండో క్లాసుతో సరి. తెలుగు అక్షరం వీధిలో ఒక్కరికీ రాదు. నేను మాత్రం తోటలో ఆదివారం బడికి పోయి దెబ్బలు తిని నేర్చుకున్నాను. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం కదా, అందుకని కాస్త గర్వంగానే తిరిగేదాన్ని.

ఒక శనివారం పొద్దున్నే ఊరికి బయలుదేరుతూ మేస్త్రి తువాలు విప్పి చేత్తో పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. వాళ్ళ వీధిలో భజన మందిరం కడుతున్నారట. వీధి మొత్తం కట్టుబడి పనివాళ్ళే కాబట్టి ఇంటికి ఇన్ని రోజులని వంతులు వేసుకుని పనిచేస్తున్నారు. గుమ్మం పైన పేరు తెలుగులోనే ఉండాలని ఆయన కోరిక. దానికి కారణం ఆయన బామ్మర్ది. చిత్తూరు బడిలో తెలుగు చెప్పే అయివారు. వచ్చినప్పుడల్లా, మీరు సగం అరవోళ్ళు అయిపోయినారు, ఇంక మీ పిల్లలకు మాటా మిగలదు అని నలుగురి ముందు అనేవాడట.

"నాకు కోపం రాదమ్మణ్ణీ, సిగ్గొస్తాది," అన్నాడు మేస్త్రి. "ఆయప్ప వచ్చి తల ఎత్తి చదవాల. ఆ ఒక్క దినం సాలు నాకు."

ఆ రాత్రికి కాదు, ఆ క్షణమే రాసిస్తానన్నాను. సిమెంటు సంచి కాగితం చింపించి, నల్ల స్కెచ్చు పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు రాశాను. శ్రీ రామ భజన మందిరం. తీరా చూస్తే చిన్నప్పటి తప్పే మళ్ళీ చేశాను, తలకట్లు పెట్టడం మరచిపోయాను. నల్ల పెన్ను అప్పటికే ఎండిపోయింది. నాకేమో ఏలగిరి బస్సుకు వేళవుతోంది. సంచిలోని ఎర్ర పెన్ను తీసి మ, భ, న, మం, రం మీద టకటకా గీసి ఆయన చేతిలో పెట్టి పరుగెత్తాను.

ప్రారంభం ఆదివారమనగా ముందురోజు గుడియాత్తం వెళ్ళాను. జాబితాలో ఆ ఊరు ఎలాగూ ఉంది. లుంగీ మగ్గాలు చూసి, మందిరం చూసి, ఒకే టిక్కుతో సరిపెట్టుకుందామనుకున్నాను. షేర్ ఆటో దిగి వీధిలోకి తిరిగేసరికి మందిరం ఎదురైంది. సున్నం తడి ఇంకా ఆరలేదు. గుమ్మం పైన సిమెంటుతో పోసిన అక్షరాలు జానెడెత్తున ఎంతో నున్నగా ఉన్నాయి. ఒక్కదానికీ తలకట్టు లేదు. చివరి రం అయితే పక్కపక్కన రెండు సున్నాలు.

నాకు కోపం ముంచుకొచ్చింది. "తలకట్లు యాడ పోయినాయి? ఒక్కటీ లేదే," అని వీధిలోనే గట్టిగా అన్నాను.

మేస్త్రి నొచ్చుకున్నాడు. "అట్లనొద్దు అమ్మణ్ణీ. ఒక్క తలకట్టు కూడా విడవలేదు. అందురూ వచ్చి పని చేసినారు."

నాకు అర్థం కాలేదు. ఆయన భార్య కలగజేసుకుని చెప్పింది, వాళ్ళ వైపు తలకట్టు అంటే ఒక ఇల్లు, ఒక కాపురం. వంతులు వేసేది తలకట్ల లెక్కనే. నేను ఏ ఇంటివాళ్ళు పనికి రాలేదని అడిగానో అని ఆమె కూడా కంగారు పడింది. నేను అక్షరాల తలకట్టు అని విడమరచి చెప్పాను. మేస్త్రి లోపలికి పోయి నేను రాసిచ్చిన కాగితం తెచ్చాడు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూలకు పసుపు రాసి దాచుకున్నాడు.

"ఈ ఎర్ర గీతలా?" అన్నాడు. "నువ్వు సరిచూసి రైటు కొట్టినావు అనుకుంటినే. శ్రీకి, రాకి, జకి, దికి కొట్టలేదు. అవి తప్పేమోనని నాలుగు దినాలు నిద్ర పట్టలేదు నాకు."

నల్లటి అక్షరాల మీద ఎర్రటి టిక్కులు. బడికి పోయిన ఎవరైనా అదే అనుకుంటారు. పైగా వాటి అర్థం ఆయనకు నేర్పింది నేనే, ప్రతి సోమవారం, నా ఊళ్ళ జాబితా చూపించి. కోపమంతా దిగిపోయి సిగ్గు పట్టుకుంది. బస్సుకు వేళవుతోందని తొందరపడి ఆ మనిషి పరువు మీద ఎర్ర గీతలు గీసి పారిపోయాను. తప్పు నాదేనని ఆయనకు చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. రేపు పొద్దున్నే బామ్మర్ది వస్తాడు, ఇప్పుడేం చేయాలో చెప్పమన్నాడు.

అదృష్టం, చెరపవలసింది ఏమీ లేదు. కలపవలసింది మాత్రమే ఉంది. ఆయన భార్య సిమెంటు కలిపింది. నిచ్చెన వేశారు. ఎలా ఉంటుందో చూపించమని మేస్త్రి తాపీ నా చేతికిచ్చాడు. మ మీద నేను పెట్టింది వంకర కొడవలిలా వచ్చింది. ఆయన నవ్వాపుకుంటూ దాన్ని గీకేసి, రెండు విసుర్లలో ముచ్చటైన తలకట్టు పెట్టాడు. భకు, నకు పెట్టాడు. మంకు పెట్టాడు. చివరి రెండు సున్నాల్లో మొదటిదాని మీద పెట్టగానే అది ర అయిపోవడం చూసి, నిచ్చెన మీద నుంచే భార్యను పిలిచి చూపించాడు. దిగేటప్పుడు జకు ఎందుకు లేదని అడిగాడు. దానికి పుట్టుకతోనే లేదన్నాను. పాపం, అన్నాడు.

మగ్గాలు చూడనే లేదు. సాయంత్రం బస్సుకు వేలూరు పోయి ఆదివారం పొద్దున్నే మళ్ళీ వచ్చాను. గుమ్మానికి మామిడాకులు కట్టారు. తలెత్తి చూద్దును కదా, జ నెత్తిన కూడా తలకట్టు. మేస్త్రిని పక్కకు పిలిచి ఇదేమిటని అడిగాను.

"నువ్వు పోయినాక చూసినా. అందురికీ కట్టి దాన్ని ఒక్కదాన్ని బోడితలతో విడవను మనసు రాలేదు," అన్నాడు. "ఈ మందిరంలో ఒక్క తలకట్టు విడవలేదు గదా."

ఏమనడానికీ సమయం లేదు. బామ్మర్ది వచ్చేశాడు, తెల్ల పంచె, జేబులో రెండు పెన్నులు. వీధివాళ్ళు దారి ఇచ్చారు. ఆయన తలెత్తాడు. పెదవులు కదిలాయి. మేస్త్రి నా పక్కనే మునివేళ్ళ మీద నిలబడ్డాడు.

"అంతా బాగుంది గానీ," అన్నాడాయన, "జకు తలకట్టు యాడిది? ఎవరు రాసింది?"

మేస్త్రి తువాలు నెమ్మదిగా తల మీద నుంచి దిగుతోంది. ఆదివారం బడిలో ఎవరు అక్షరం తప్పు రాసినా లేచి నిలబడి చెప్పే పిల్లను నేను. ఆ రోజు కూడా ముందుకు వచ్చి నిలబడ్డాను.

"నేను రాశానండీ. మా మలేసియాలో జకు కూడా పెడతాము."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నమ్మాడో, నమ్మనట్టు ఉండటం మర్యాద కాదనుకున్నాడో ఇప్పటికీ తెలియదు. కాసేపటికి చుట్టూ ఉన్నవాళ్ళకు వివరించడం మొదలుపెట్టాడు, సముద్రం దాటిపోయినవాళ్ళ దగ్గర పాత పద్ధతులు చెడకుండా నిలిచి ఉంటాయని. తర్వాత గొంతు సవరించుకుని పేరు పైకి చదివాడు. వీధి వీధంతా ఆయన వెనకే అన్నది. అందరికంటే గట్టిగా అన్నవాడు మేస్త్రి. తువాలు మళ్ళీ తల మీదే ఉంది. నా జీవితంలో అంత సంతోషంగా చెప్పిన అబద్ధం ఇంకొకటి లేదు.

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే అన్నం తిన్నాను. ఆ వారం అవ్వకు ఏం చెప్పాలో అప్పుడే తెలిసిపోయింది. చేతులు కడుక్కున్నాక మేస్త్రి నా నోటు పుస్తకం అడిగి తీసుకున్నాడు. ఊళ్ళ పేర్లు చదవలేడు గానీ టిక్కుల మీదుగా వేలు జరుపుకుంటూ వచ్చి, టిక్కు లేని ఒక వరస దగ్గర ఆగాడు.

"ఇది మా ఊరా?"

అవునన్నాను. నిన్నా ఇవాళా ఇక్కడే ఉన్నావు, దీనికి గుర్తు పెట్టలేదేమని అడిగాడు. నిజమే, మరచిపోయాను. సంచిలోంచి ఎర్ర పెన్ను తీశాను. ఆయన పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు.

"వద్దులే అమ్మణ్ణీ. నువ్వు రైటు కొట్టిన ఊరికి మళ్ళా పొయ్యింది లేదు."

పెన్ను సంచిలో వేసుకున్నాను. తర్వాతి శనివారం గుడియాత్తం బస్సే ఎక్కాను.