ఆదోని శామమ్మ

"నా సీసా యాడ పెట్టినావు?"

"నన్నడిగితే నాకేం తెలుస్తాది. ఆదోనికే పోతాండావు కదా, నీ శామమ్మనే అడుగుపో."

"సరేలే, అడుగుతాలే," అన్నాడు. అని నగినాడు. నగుకుంటానే బట్టల మూట సంకన పెట్టుకోని బస్టాండు దిక్కు పోయినాడు.

మా ఇంటాయనకూ నాకూ ఆఖరు మాటలు అవే. ఎమ్మిగనూర్లో ఒకే మగ్గం మీద ఇద్దరం బతికినోళ్లం, ఆయన నేసేది, నేను నూలుకు గంజి పెట్టేది, కండెలు చుట్టేది. అన్నేండ్లు బతికి, ఆఖరుకు ఇంకో ఆడదాని పేరు చెప్పి పంపిచ్చినా. ఆ పొద్దు సాయంత్రం ఆదోని నుంచి తిరిగొచ్చే బస్సులో, కిటికీకి తల ఆనిచ్చి కూర్చున్నోడు కూర్చున్నట్లే పోయినాడు. కండక్టరు లేపితే లేయలేదు.

ఇది రాసేది నా మేనకోడలు, మా అన్న కూతురు. నాకు సంతకం వస్తాది, బస్సు బోర్డు కూడబలుక్కోని చదువుతా, అంతవరకే. నేను చెప్తాండా, ఆ పిల్ల రాస్తాంది. నేను చెప్పినట్లే రాయమన్నా, దిద్దొద్దన్నా.

శామమ్మ సంగతి చెప్పల్ల. ఆ పేరు నేను మొదట విన్నింది ఫోన్లో. ఆయన మగ్గం గుంటలో కూర్చోని, చెవికీ భుజానికీ నడుమ ఫోను ఇరికిచ్చుకోని, "అన్నా, శామమ్మ వచ్చిందా? ఇంకా రాలేదా? వస్తే ఫోన్ చెయ్యి, బేస్తవారం వస్తా," అంటాండాడు. నేను పక్కన కండెలు చుడతాండా. నా చేతిలో రాట్నం నిలిచిపోయింది. అది నిలిచిన సంగతి కూడా ఆయనకు తెలీలేదు.

బేస్తవారం నేసిన బట్ట ఆదోనిలో అంగడికి వేసొచ్చేదానికి పోయినాడు. వచ్చి చొక్కా విడిస్తే వాసన. మా ఇంట్లో ఎప్పుడూ లేని వాసన. ముందు గంధం మాదిరి ఉంటాది, కొంచెం సేపటికి లోపల్నుంచి ఏదో పొగ, ఏదో వేరు, ఏలక్కాయ, అన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. జేబులో వేలెడంత సీసా. దాని మీద రాత లేదు, బొమ్మ లేదు. కొన్న అత్తరయితే పేరుంటాది కదా, ఎవరో ఇచ్చిందయితేనే పేరుండదు అనుకున్యా.

ఇంకోసారి నేను పెరట్లో గంజి కాస్తాంటే లోపల్నుంచి మాట వినబడింది. "ఈసారి శామమ్మ బలే ఉందన్నా. పోయినసారి ఘాటెక్కువ, ఈసారి మెత్తగా ఉంది." ఆ పొద్దు గంజి అడుగంటింది. పడుగు నూలంతా మాడు వాసన. ఆయన ఏమీ అనకుండా అదే నూలు నేసినాడు. ఏమీ అనకపోతే తప్పు చేసినోడనే కదా అనుకునేది.

నేరుగా అడగలేదు నేను. అడిగితే అవునంటాడేమో, అవునంటే నేను యాడికి పోయేది. అందుకే ఎత్తిపొడిచేదాన్ని.

"శామమ్మ లేకుంటే నీకు పొద్దు పోదేమో."

"పోదే. నిజంగానే పోదు."

"అంత బాగుంటాదా?"

"నువ్వూ ఒకసారి చూడు. నీకూ నచ్చుతాది."

నాకూ నచ్చుతాదంట. ఆ పొద్దు సంగటి కెలికి గిన్నె ఆయన ముందర కొట్టినట్ల పెట్టి, నేను తినకుండా పండుకున్యా. "కడుపులో బాగలేదా?" అని అడిగినాడు. అంత అమాయకంగా అడిగినాడు చూడు, దానికి ఇంకా మండింది.

శామమ్మను నా మనసులో నేనే చేసుకున్యా. ఆయమ్మ చేతులు మెత్తగా ఉంటాయి. ఆయమ్మ ఇంట్లో గంజి వాసన ఉండదు. నా చేతులు గంజిలో నాని నాని, ఎంత కడిగినా వేళ్ల సందుల్లో పులిసిన వాసన పోదు. నా కొంగుకు అదే, తలకు అదే. నా వాసన పోగొట్టుకునేదానికే ఆయన ఆయమ్మ వాసన పూసుకుంటాండాడని నా లెక్క. ఒకసారి మంచి సోపు తెచ్చుకోని మోచేతుల దాకా రుద్దుకున్యా. ఆయన దగ్గరికొచ్చి, "ఏమే, ఆస్పత్రి వాసన వస్తాంది, ఎవరినన్నా చూసొచ్చినావా?" అన్నాడు. ఆ సోపు మళ్లీ ముట్టలేదు.

ఇంట్లో ఉన్న సీసా అడుగుకొచ్చినప్పుడు నేనే తీసి కాలువలో పారేసినా. మరుసటి దినమే ఆయన, సీసా యాడ పెట్టినావు అని అడిగినాడు.

ఆయన్ను బస్సు నుంచి ఇంటికి తెచ్చినాక పండబెట్టినారు. చొక్కా జేబులో కొత్త సీసా, నిండుగా. అంటే అడిగినాడు, ఆయమ్మ ఇచ్చింది. ఇల్లంతా ఆ వాసనే. వచ్చిన ఆడోళ్లు ఏడుస్తానే, "ఏం వాసనబ్బా, పెండ్లికొడుకు మాదిరి పోయినాడు," అంటాండారు. ఆ మాటకు నా ఏడుపు నిలిచిపోయింది. నా మొగుడు పోయినాడని ఏడవల్లనా, ఆయమ్మ వాసనతో పోయినాడని ఏడవల్లనా. మూడో దినం సీసా మూత తీసి బోకులు తోమేకాడ బోర్లిచ్చినా. చొక్కా నానబెట్టి ఉతికినా. వాసన పోకపోతే మళ్లీ ఉతికినా. మూడోసారి ఉతికినాక సబ్బు వాసన తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడు తృప్తిగా ఉండె.

సంవత్సరీకం దగ్గర పడింది. ఫోటో ముందర ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టల్ల కదా. పంచ, ఆకు వక్క, ఉగ్గాని బజ్జీ అని చెప్పుకుంటా వస్తే మేనకోడలు, "అత్తా, మామకు అత్తరంటే ప్రాణం. అది పెట్టకపోతే ఎట్ల?" అనింది. పెడితే శామమ్మ వాసన పెట్టల్ల. పెట్టకపోతే ఆయనకు ఇష్టమైంది ఎగ్గొట్టినట్ల. సరే, వేరే వాసన ఏరుతా, నాకు నచ్చింది నేనే ఏరి పెడతా అనుకున్యా. పైకి అది. లోపల మాత్రం ఒకసారి శామమ్మ మొకం చూడల్ల.

ఫోన్లో ఆయన 'అన్నా' అనే మనిషి నంబరు ఉండె. మేనకోడలు అడిగి తెలుసుకునింది, అత్తరు అంగడంట, ఆదోని బజారు వెనక సందులో. బస్సెక్కి పోయినాం. మనిషి పట్టేంత అంగడి, గోడకంతా గాజు బుడ్లు. ముందర ఒక బెంచీ. తెల్లగడ్డం సాయిబు, కండ్లకు సుర్మా, దూది చిన్న చిన్న ఉండలు చుడతాండాడు.

"ఏం కావాలమ్మా?"

"శామమ్మ కావల్ల," అంటి.

"ఉంది. కూర్చో."

"లోపలుందా?"

"లోపలే ఉంటాది. ఎండ తగిలితే చెడిపోతాది."

"నేను కూర్చునేదానికి రాలేదు. బయటికి పిలువు."

ఆయప్ప నా మొకం, మేనకోడలి మొకం మార్చి మార్చి చూసినాడు. "పిలిచేదేందమ్మా, ఎత్తుకోనొస్తా ఉండు," అని లోపలికి పోయి, రెండు చేతుల్తో ఒక లావు గాజు బుడ్డి పట్టుకోనొచ్చినాడు. "ఇదో. షమామా."

మూత తీసినాడు. ఆ వాసనే.

మేనకోడలు చున్నీ నోట్లో కుక్కుకోని నగుతాంది. ఇప్పుడు రాస్తా కూడా నగుతాంది చూడండి. రాయి, అది కూడా రాయి.

అది అత్తరు పేరంట. గంధపు నూనెలో జటామాంసి, తుంగ గడ్డలు, రాతిపువ్వు, జాజికాయ, ఏలకులు, లెక్కలేనన్ని దినుసులు వేసి సన్న సెగ మీద దినాల తరబడి కాసి, ఆయప్పే చేత్తో కలుపుతాడంట. ఫోన్లో ఆయన షమామా అనింది నా చెవులకు శామమ్మ అని వినబడింది.

"నేను ఎమ్మిగనూరు మగ్గమాయన ఇంటిదాన్ని," అన్నా.

ఆయప్ప బుడ్డి కింద పెట్టి, "ఆ వదినమ్మవా నువ్వు," అన్నాడు. బెంచీ మీద చెయ్యి పెట్టి చూపిచ్చినాడు. మళ్లీ, "అన్న పోయిన పొద్దు కూడా ఈ బెంచీ మీదనే కూర్చున్నాడు. 'మా ఆమె సీసా దాచిపెట్టి, నీ శామమ్మనే అడుగుపో అనిందన్నా, షమామాకు ఎంత బాగా పేరు పెట్టింది చూడు' అని ఒకటే నగు. అప్పట్నుంచి మేం కూడా శామమ్మ అనే అంటాండాం వదినమ్మా."

ఆడది కాదని తెలిసినాక కడుపు చల్లబడల్ల కదా. చల్లబడలేదు. నా ఎత్తిపొడుపు ఆయనకు హాస్యమంట. ఇంట్లో దినానికి నాలుగు మాటలు మాట్లాడేటోడు, ఈ బెంచీ మీద బస్సు టైము దాటేదాకా మాట్లాడేటోడంట. నేను చేసే పచ్చిపులుసు సంగతి సాయిబుకు తెలుసు. నా మోకాలి నొప్పి తెలుసు. సోపు సంగతి కూడా తెలుసు. శామమ్మ మీద ఉండిన మంట అంతా జరిగి ఆ బెంచీ మీద పడింది. ఆయన కూర్చునే చోటు యాడని అడిగి, ఆడ్నే కూర్చున్యా.

"వేరేవి చూపీ," అన్నా. "ఫోటో ముందర పెట్టేదానికి."

గాజు పుల్లతో నా చేతి వెనక ఒక్కొక్కటి తాకిచ్చినాడు. రుద్దొద్దు, ఆగి చూడు అన్నాడు. గులాబి, పెండ్లి పందిట్లో చిలకరిచ్చినట్ల ఉంది, వద్దన్నా. మొగలి, ఆయనకు తలనొప్పి అన్నా. మట్టి వాసన ఒకటి తాకిచ్చినాడు, తొలి వాన పడినట్లే ఉంది, బాగుంది. కానీ ఆయన మగ్గం గుంటలో బతికిన మనిషి, వాన పడితే పడుగు తడుస్తాదని తిట్టుకునేటోడు. వద్దన్నా.

"అన్న మాత్రం చేతి మీద ఎప్పుడూ చూడలేదు వదినమ్మా," అన్నాడు సాయిబు. "ఇంటి నుంచి గంజి పెట్టిన నూలు నాలుగు పోగులు జేబులో వేసుకోనొచ్చేటోడు. 'నా ఇల్లు, నా ఇంటామె, నా బట్ట అంతా గంజి వాసన అన్నా, దానితో సరిపడేదే నాకు కావల్ల, దాన్ని కప్పేసేది వద్దు' అనేటోడు. ఒక్కొక్క అత్తరు ఆ నూలు మీద వేసి, ముక్కు దగ్గర పెట్టుకోని కండ్లు మూసుకునేటోడు. గంజితో కలిసింది ఇదొక్కటే."

నాకు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది. ఆ మాట నాకెందుకు చెప్పలేదు? సాయిబుకు చెప్పిన మాట నాకు చెప్పింటే ఆ సోపు కొనేదాన్నా, గంజి మాడ్చేదాన్నా, సీసా బోర్లిచ్చేదాన్నా.

"సరే, శామమ్మనే ఇయ్యి," అన్నా. చేతి మీద తాకిచ్చినాడు. ఆగి చూసినా. గంధం వచ్చింది, పొగ వచ్చింది. ఆయన రాలేదు. ఇందాక బుడ్డి మూత తీసినప్పుడు అదే అనుకున్యా, చేతి మీద పడినాక తెలిసింది, కాదు.

"ఇది వేరే," అన్నా.

"వేరేనే. కాసిన ప్రతిసారీ కొంచెం మారుతాది. అన్నకు కుదిరినదాంట్లో ఆఖరు సీసా ఆ పొద్దే తీసుకపోయినాడు. అది ఇంట్లో ఉంటాది కదా?"

మేనకోడలు నా చెయ్యి పట్టుకునింది.

అప్పుడు ఆయప్ప చిన్న రేకు డబ్బా తీసినాడు. దాంట్లో నూలు. నాలుగు పోగులు మెలిపెట్టి ఉండ చుట్టినారు. నేను గంజి పెట్టిన నూలు, నాకు తెలీదా. మూత తీస్తానే ఆయన చొక్కా విడిచినట్లయింది. అదే, రవ్వంత కూడా తేడా లేదు.

"ఇది అన్న ఇచ్చిన గుర్తు. కొత్తది కాసినప్పుడల్లా దీన్ని వాసన చూసుకోనే కలుపుతా. ఈసారి కుదరలేదు, వచ్చేసారి కుదురుతాది. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా అన్న ఏరిన వాసనే కావాలని అడిగి తీసుకపోతారు."

ఆ మాట అనకుండా ఉండింటే ఏమవుతాండెనో. ఇంకో మొగోడు నా మొగుడి వాసన పూసుకోని ఆదోని బజార్లో తిరుగుతాడు. ఇంటికి పోతాడు. వాని పెండ్లాం వాని చొక్కా విడిపిస్తాది.

"ఆ డబ్బా నాకియ్యి," అన్నా.

"ఇస్తే నేను మళ్లీ కలపలేను వదినమ్మా. గుర్తు పోతాది. నా దగ్గర ఉండనీ, ఏటా నీకొక సీసా పంపిస్తా, అచ్చం అన్నదే."

"అది నా చేత్తో గంజి పెట్టిన నూలు."

"రెండు పోగులు నువ్వు తీసుకో, రెండు నాకియ్యి."

"ఒక్క పోగు కూడా ఇయ్యను."

"అన్న చెప్పినాడులే, మా ఆమె గట్టిది అని," అని డబ్బా మూసి నా చేతిలో పెట్టినాడు. అది కూడా ఆయనే చెప్పినాడంట.

సంవత్సరీకానికి ఫోటో ముందర కొత్త శామమ్మ సీసా పెట్టినా. వచ్చినోళ్లందరూ వాసన చూసి బాగుందన్నారు. చూడనీ. డబ్బా మాత్రం నా ట్రంకు పెట్టెలో, చీరల అడుగున ఉంది. అప్పుడప్పుడు తీసి మూత కొంచెమే ఎత్తుతా. దినదినానికి శామమ్మ తగ్గిపోతాంది, గంజి మిగులుతాంది. ఇంకో ఏడాదికి గంజే ఉంటాదేమో. సాయిబు దగ్గర ఉండనిచ్చి ఉంటే ఏటా మా ఇంటాయన ఇంటికొచ్చేటోడు. నాకు తెలుసు అది. తెలిసే తీసుకొచ్చినా. అడిగితే ఇప్పుడైనా ఇయ్యను.

చాలు, ఇంక రాయొద్దు. ఇప్పుడు నాకు చదివి వినిపీ. మొదట్నుంచి. ఆడ, మొదట్లో, "సరేలే, అడుగుతాలే" అన్నాడు కదా మీ మామ, ఆ మాట కొంచెం నగుతా చదువు. తలుపు దగ్గరికేసి చదువు, బయటోళ్లకు వినబడుతాది.