విమానాల సందులో మాట

పోయిన వారం శంషాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలుకు పెండ్లికి వెళ్ళాను. నలుగురు కెమెరావాళ్ళు, ఒక క్రేను, నెత్తిమీద ఝుమ్మనే డ్రోను. అక్షింతలు పట్టుకొని నిలబడ్డ మాకు పెండ్లికొడుకు కనిపించలేదు, కెమెరావాళ్ళ వీపులు కనిపించాయి. "అన్నా, జర నవ్వు. వదినా, సిగ్గుపడు. ఇంకొక్కసారి" అని వాళ్ళు అంటుంటే పంతులుగారు కూడా మంత్రం ఆపి ఓపిగ్గా ఎదురుచూశారు. నాకు మా ఇంట్లోనే పెరిగిన తమ్ముడి కొడుకు పెండ్లి సినిమా తీసిన అమ్మాయి గుర్తొచ్చింది.

ఆమె బుద్వేల్ నుంచి స్కూటీ మీద ఒక్కతే వచ్చేది. ఒక కెమెరా, రెండు చిన్న మైకులు, చెవులకు హెడ్‌ఫోన్, అంతే. జంటతో పాటలకు అడుగులు వేయించడం, ఎత్తుకొని తిప్పించడం ఆమె దగ్గర లేవు. పెండ్లికి నాలుగు రోజుల ముందు ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఇంతవరకు చెప్పుకోని మాట ఏదైనా చెప్పుకొమ్మని, తను దూరంగా నిలబడి తీసేది. ఇదెక్కడి పద్ధతని అడిగితే, "ముఖాలు అందరు తీస్తరు బాపూ. గొంతు ఎవరు దాచిపెడుతున్నరు?" అన్నది.

పాల్మాకులలో మా చేను దగ్గర తీద్దామనుకున్నాం. ఎయిర్‌పోర్టు పక్కనే కాబట్టి అక్కడ విమానాల చప్పుడు ఒక్కటే అడ్డం. చప్పుడు లేని వేళ ఏదైనా ఉందా అని ఆమె అడిగింది. నేను సబ్‌స్టేషన్‌లో ముప్పై ఏళ్ళు గంటగంటకూ రీడింగులు రాసినవాణ్ణి, ఇంట్లో రోజూ డైరీ రాసేవాణ్ణి. అలాంటి పని చెబితే ఊరుకుంటానా? రెండు సాయంత్రాలు గట్టు మీద కూర్చొని, ప్రతి విమానం పోయిన వేళ రాసి, నాలుగూ పదికి వచ్చేది పోయాక పన్నెండు నిమిషాలు ఇంకేదీ రాదని తేల్చాను. ఆమె కాగితం చూసి మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. మూడో రోజు ఆమె చేలో స్కూటీ ఆపి మైకులు బయటికి తీసేదాకా, నేను చేసిన పని ఏమిటో నాకు తట్టలేదు.

మా పిల్లవాడికి నత్తి. ఆ సంగతి పెండ్లికూతురివాళ్ళకు తెలియదు. రావిర్యాలకు వెళ్ళి సంబంధం మాట్లాడింది నేనే, "పిల్లగానికి మాట తక్కువ" అని చెప్పిందీ నేనే. పెండ్లిచూపుల్లో వాణ్ణి అడిగిన ప్రశ్నలన్నిటికీ నేనే జవాబులిచ్చాను. తరువాత ఇద్దరూ నెలరోజులు మెసేజులు రాసుకున్నారు. మూడుముళ్ళు పడ్డాక ఎలాగూ తెలుస్తుంది, అలవాటవుతుందిలే అనుకున్నాను. ఇప్పుడు చీమ చిటుక్కుమన్నా వినిపించే పన్నెండు నిమిషాలు వెతికి మరీ వాణ్ణి ఆ పెండ్లిపిల్ల ఎదుట కూర్చోబెట్టాను. వద్దంటాడేమోనని చూశాను. వాడు వద్దనలేదు.

మొదటి విమానం సరిగ్గా నెత్తిమీదికి వచ్చినప్పుడు వాడు పెదవులు కదిపాడు. అది పోగానే మూశాడు. రెండోదానికీ అంతే.

"ఏంది, నాతోని మాట్లాడుతున్నవా, విమానంతోనా?" అని పిల్ల నవ్వింది.

నేను గబగబా కెమెరా దగ్గరికి వెళ్ళి మెల్లగా, "ఇయ్యాల వద్దు బిడ్డా, పిల్లగానికి తలకాయ నొస్తున్నది" అన్నాను.

"ఎవరికి నొస్తున్నది బాపూ, ఆయనకా మీకా?" అన్నది, కెమెరా మీది నుంచి కన్ను తీయకుండా.

నాలుగూ పది విమానం కూడా పోయింది. చేనంతా సద్దుమణిగింది. వాడు "నా... నా..." అని ఆగిపోయాడు. మెడనరాలు ఉబ్బాయి. పిల్ల ముఖంలో నవ్వు పోయింది. నేను ఎప్పటిలాగే వాడి మాట అందుకున్నాను: "నాకు నువ్వు నచ్చినవు అంటున్నడమ్మా."

ఫిల్మ్ అమ్మాయి నా భుజం గట్టిగా పట్టుకుంది. "మీరు ఆగున్రి. ఆయన మాట ఆయననే చెప్పనియ్యున్రి."

ఆగాను. వాడు ఆ పిల్లనే చూస్తూ, ఒక్కో మాటనూ లోపలి నుంచి పెకిలించినట్టు బయటికి తెచ్చాడు. "నాకు నత్తి. చెప్పొద్దన్నరు. ఇప్పుడన్నా నువ్వు కాదనొచ్చు."

పత్రికలు పంచేశాం. ఇంటి ముందు పందిరి గుంజలు పాతేశాం. ఆ పిల్ల చేతికందిన గడ్డిపోచలు తెంపి పారేసింది. తరువాత లేచి సరాసరి నా దగ్గరికి వచ్చింది.

"చెప్పొద్దన్నది ఎవరు మామా?"

"నేనే."

"ఎందుకు?"

"నువ్వు కాదంటవని."

"అవుననేది కాదనేది నా పని గదా. అది గూడ మీరే చేస్తిరి!"

ఆమె తిరిగి వెళ్ళి వాడి ఎదుట, ఇందాకటికంటే ఒక జానెడు దూరంగా కూర్చుంది. "మెసేజులు ఇగ బంద్. రోజు ఫోన్ చెయ్యి. కోపమొస్తే గూడ గిట్లనే నిమ్మళంగ తిడతవా? గట్లయితే మంచిదే, జవాబు సోచాయించుకోనీకి నాకు టైం దొరుకుతది."

వాడు నవ్వాడు. నవ్వుకు నత్తి లేదు.

అనుకున్న ముహూర్తానికే పెండ్లి జరిగింది. సినిమాలో వాడి మాట మొత్తం ఉంది, ఒక్క అక్షరం కోయలేదు. నేను మధ్యలో దూరింది కూడా ఉంది. అది వచ్చినప్పుడల్లా ఇంట్లోవాళ్ళు నావైపు తిరిగి నవ్వుతారు. ఇప్పుడు వాడు మాట మొదలుపెడితే, వాడు ముగించేదాకా నోరు మూసుకొని కూర్చుంటాను. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు వాడి మాటలు నేనే తొందరగా పూర్తిచేసి మిగుల్చుకున్న ఆ నిమిషాలన్నిటితో ఏం చేశానో, ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.