విమానాల రోడ్డు మీద మా తెల్లగుర్రం

మాకు ఆడపిల్ల లేదు. ఇద్దరూ మగపిల్లలే. అందుకేనేమో, ఆ తెల్లగుర్రాన్ని ఇంటికి తెచ్చిన రోజు నుంచీ మా ఆయన దాన్ని "బిడ్డా" అనే పిలిచాడు. వేరే పేరు పెట్టాలని మా ఇద్దరికీ తోచలేదు.

మా ఆయనది మంఖాల్ దగ్గరి రైతు కుటుంబం. మా మామకు ఎడ్లంటే ప్రాణం, ఈయనకేమో గుర్రాలంటే. పెళ్ళికి ముందే పాతబస్తీలో గుర్రాలు పెంచే ఒక పెద్దాయన దగ్గర పనికి కుదిరి, పెళ్ళి బరాత్‌లకు గుర్రాలు నడిపించేవాడు. ఆ పెద్దాయనను ఇంటిల్లిపాదీ చాచా అనేవాళ్ళం. తెల్లగుర్రాన్ని మాకు ఇచ్చింది ఆయనే. అప్పటికి అది ఎదిగీ ఎదగని ఆడగుర్రం. ఒక చెవి కొస చిరిగి ఉండేది. కొత్తవాళ్ళు ఎవరైనా దగ్గరికి వస్తే ముందు వాళ్ళ చొక్కా జేబు వాసన చూసేది.

శంషాబాద్‌లో మా ఇంటి వెనక రేకుల కొట్టం వేశాం. ముహూర్తాలున్న రోజుల్లో మా ఆయన బగ్గీ కట్టుకుని ఫంక్షన్ హాళ్ళకు పోయేవాడు. ఆదివారాలు మాత్రం ఇద్దరం కలిసి ఎయిర్‌పోర్టు ప్రహరీ పక్కన పోయే రోడ్డుకు వెళ్ళేవాళ్ళం. దాన్ని మేం విమానాల రోడ్డు అనేవాళ్ళం. సాయంత్రమైతే అక్కడికి జనం విమానాలు దిగడం చూడటానికి వస్తారు. రాజేంద్రనగర్ నుంచి, తుక్కుగూడ నుంచి, స్కూటర్ల మీద పిల్లలను ముందు నిలబెట్టుకుని వస్తారు. మక్క కంకులు కాల్చే బండ్లు ఉంటాయి. మేం జనాన్ని బగ్గీలో ఎక్కించుకుని గోడ వెంట చివరిదాకా పోయి, తిప్పి తీసుకొచ్చేవాళ్ళం. మా ఆయన పగ్గాలు పట్టుకునేవాడు. పిల్లలను ఎక్కించడం, దించడం, చెప్పులు ఊడిపోతే ఏరివ్వడం నా పని.

మొదట్లో విమానం నెత్తి మీదుగా పోతుంటే గుర్రం ఒళ్ళంతా వణికేది. మా ఆయన దిగి, దాని మెడ చుట్టూ చేయి వేసి, చెవిలో ఏదో చెబుతూ నిలబడేవాడు. ఏం చెప్పేవాడో నన్ను కూడా విననిచ్చేవాడు కాదు. కొన్నాళ్ళకు దానికి అలవాటైపోయింది. ఒకసారి ఒక ముసలమ్మ బండెక్కి, గోడ అవతల ఎయిర్‌పోర్టు కింద పోయిన తమ చేను వైపు చేయి చాపి, "గిక్కడ్నే మా చెలక ఉండె బిడ్డా, జర మెల్లగ పోనియ్" అంది. ఆమె అన్నది మా ఆయనతోనే. కానీ ఆయన పగ్గం లాగకముందే గుర్రం నడక తగ్గించింది. బండిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మా ఆయన ఆ సంగతి కనపడ్డ వాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఒక ఏడాది పెళ్ళిళ్ళు బాగా ఉన్నాయి. పెద్ద బరాత్‌లకు చాచా గుర్రాలూ మాదీ కలిసి పోయేవి. ఒకే తొట్టిలో నీళ్ళు తాగేవి. ముహూర్తాలు అయిపోతుండగా చాచా దగ్గరి ఒక గుర్రం ముక్కు కారి, ఒళ్ళంతా గడ్డలు లేచి చచ్చిపోయింది. గ్లాండర్స్ అనే జబ్బు అన్నారు. దాంతో కలిసి తిరిగిన గుర్రాలన్నింటికీ పరీక్ష చేయాలని పశువుల డాక్టరమ్మ ఒకామె మా ఇంటికి వచ్చింది. చిన్న వయసు. మాట నెమ్మది. మెడ దగ్గర రక్తం తీస్తుంటే గుర్రం ఆమె జేబు వాసన చూసింది. ఆమె నవ్వి, దాని నుదుటి మీద నిమిరింది.

"మంచిగనే ఉంది మేడం మా బిడ్డ. మీరే సూడున్రి," అన్నాడు మా ఆయన.

"ఏమీ ఉండకూడదనే అనుకుందాం అన్నా. కానీ రిపోర్టు వచ్చేదాకా బయటికి తీసుకెళ్ళకండి," అంది.

కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ వచ్చి, మొదటి రిపోర్టు అనుమానంగా ఉందని ఇంకోసారి రక్తం తీసుకుపోయింది. ఈసారి నవ్వలేదు. చేతులకు తొడుగులు, ముఖానికి మాస్కు వేసుకుని వచ్చింది. మాకూ అవే ఇచ్చి, అవి లేకుండా గుర్రాన్ని ముట్టుకోవద్దని చెప్పింది. మా చేత కూడా పరీక్షకు రక్తం ఇప్పించింది.

రెండో రిపోర్టు చేతికి వచ్చిన రోజు ఆమె వాకిట్లోనే నిలబడిపోయింది.

"అన్నా, మన గుర్రానికి ఉంది," అంది.

"గదెట్ల ఉంటది మేడం? పొద్దుగాల శనగలు పెడితే బొక్కెన ఖాళీ చేసింది. ముక్కు కారుడు లేదు, దగ్గు లేదు. ఏం జబ్బు దానికి?"

"లోపల ఉంటుందన్నా. పైకి తెలియడానికి టైం పడుతుంది."

"అయితే మందులియ్యున్రి. దవాఖానల పెట్టున్రి. ఎన్ని నెలలైనా నేను సూసుకుంట."

"దీనికి వైద్యం చేయనివ్వరన్నా, ప్రాణం తీయాల్సిందే. మిగతా గుర్రాలకు అంటుతుంది, మనుషులకూ రావచ్చు. మీకు, అక్కకు, మీ పిల్లలకు. బండెక్కే వాళ్ళ పిల్లలకు కూడా."

మా ఆయన ఎంతమంది పిల్లల చేత ఆ గుర్రం మెడ నిమిరించాడో ఆయనకే తెలుసు. గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చున్నాడు. డాక్టరమ్మ నా వైపు తిరిగి, అంతా ఎలా జరుగుతుందో చెప్పింది. ముందు మత్తు ఇస్తారు. నొప్పి తెలియదు. కొట్టం వెనక ఖాళీ స్థలంలో లోతుగా గొయ్యి తీసి, సున్నం వేసి పూడుస్తారు. నేను తలూపుతూ విన్నాను. ఆమె గేటు దాటాక ఆ మాటల్లో సగం గుర్తులేవు.

ఆమె పోయాక మా ఆయన లేచి నా దగ్గరికి వచ్చాడు.

"శ్రీశైలం రోడ్డు పట్టుకుని పోత. అడవిల ఇడిసిపెట్టొస్త. ఎవ్వరికి ఎరుకైతది?"

"అడవిల మేసే పసులుంటయి, కాసేటోళ్ళుంటరు. వాళ్ళకు అంటుకుంటె?" అన్నాను.

"ఇగ నువ్వు గూడ గట్లనే మాట్లాడుతవా?"

నా మనసు కూడా అప్పటికే ఆ రోడ్డు వెంట సగం దూరం పోయింది. ఇద్దరం వాకిట్లో కూర్చుని ఏడ్చాం.

పిల్లలిద్దరినీ తుక్కుగూడలో మా చెల్లెలింటికి పంపించాం. ఆ మధ్యాహ్నమంతా ఆయన కొట్టంలోనే ఉన్నాడు. తొడుగులు వేసుకుని గుర్రానికి ఒళ్ళు రుద్దబోతే అది రబ్బరు వాసనకు వెనక్కి జరిగింది. ఆయన మాస్కు లోపలి నుంచే "నేనే బిడ్డా, నేనే" అన్నాడు. గొంతు విన్నాక చెవులు ఇటు తిప్పి, తల దించి నిలబడింది. తోక దువ్వాడు, జూలు చిక్కు తీశాడు, గిట్టలు కడిగాడు. నేను బెల్లం ముక్కలు పళ్ళెంలో పెట్టి కొట్టం గడప దగ్గర ఉంచాను.

మరుసటి రోజు పొద్దున జేసీబీ వచ్చి గొయ్యి తీసింది. డాక్టరమ్మతో పాటు ఇంకో ముగ్గురు తెల్లటి ప్లాస్టిక్ సూట్లు తొడుక్కుని వచ్చారు. గుర్రాన్ని తీసుకొచ్చే పని మా ఆయన ఎవరికీ ఇవ్వనన్నాడు. ఆయనే తాడు పట్టుకుని కొట్టం లోంచి బయటికి తెచ్చాడు.

ఎన్నాళ్ళుగానో కట్టేసి ఉంది కదా, బయటి గాలి తగలగానే దానికి హుషారు వచ్చింది. అంతకుముందు రోజే ఒళ్ళు రుద్దించుకుంది. పెళ్ళికి పోతున్నామనుకుంది కాబోలు. వాకిట్లో ఓ పక్కకు పెట్టి ఉన్న బగ్గీ దగ్గరికి గబగబా పోయి, ఎవరూ చెప్పకుండానే వెనక్కి జరిగి, బండి ముందరి రెండు కొయ్యల మధ్యన సరిగ్గా నిలబడింది. కట్టమని ఎదురుచూస్తూ మా ఆయన వైపు చూసింది.

ఆయన దాని ముందు మోకాళ్ళ మీద కూలబడిపోయాడు. అంత పెద్ద మనిషి అలా గొంతెత్తి ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. మా మామ పోయినప్పుడు కూడా చూడలేదు. అక్కడున్న వాళ్ళెవరూ తొందరపెట్టలేదు. కాసేపటికి తనే లేచి, దాన్ని ఆ కొయ్యల మధ్య నుంచి బయటికి లాగాడు. ఒక్క అడుగు రానంది. మళ్ళీ లాగాడు. అప్పుడు వచ్చింది.

"మత్తు ఇచ్చాక మీరు పక్కకు వచ్చేయాలన్నా," అంది డాక్టరమ్మ.

"పండుకునేదాక ఉంట మేడం. కొత్తోళ్ళ నడుమ భయపడ్తది."

ఆమె సరేనంది. సూది వేశాక గుర్రం కాసేపు నిలబడి, మెల్లగా ముందుకాళ్ళు మడిచింది. ఆయన దాని తల ఒడిలోకి తీసుకుని, చెవి దగ్గర వంగి ఏదో చెబుతూ ఉన్నాడు. కళ్ళు మూతలు పడ్డాక డాక్టరమ్మ ఆయన భుజం తట్టింది. ఆమె కళ్ళద్దాల లోపల తడి చేరింది, తీసి తుడుచుకోవడానికి వీల్లేదు. ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. మా ఆయనను పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చి తలుపు వేశాను. మట్టి పోస్తున్న జేసీబీ చప్పుడు మాత్రం ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది.

గడ్డి, తాళ్ళు, కప్పే దుప్పటి అన్నీ కాల్చేశారు. కొట్టమంతా మందు కొట్టారు. మా ఇంట్లో ఎవరికీ జబ్బు లేదని రిపోర్టులు వచ్చాయి. సంతోషపడాలి కదా, అందరూ అదే అన్నారు. ఒక పొద్దున వంటింట్లో గిన్నెడు శనగలు నానబెట్టి కనిపించాయి. ఆయనే, అలవాటు కొద్దీ నానబోసినట్టున్నాడు. నేను వాటిని గుగ్గిళ్ళు చేసి పెట్టాను. మా ఆయన పళ్ళెం వంక చూసి లేచి వెళ్ళిపోయాడు.

గుర్రాలను మళ్ళీ తిప్పవచ్చని సర్కారు వాళ్ళు చెప్పాక చాచా మా ఇంటికి వచ్చాడు. మనిషి సగమైపోయాడు. ఆయన గుర్రాలు కూడా కొన్ని ఇలాగే పోయాయి. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"ఒక పిల్ల గుర్రం ఉంది బేటా. మంచి జాతి. తోల్కపో. ఎన్నొద్దులు గిట్ల కూసుంటవ్?"

"వద్దు చాచా."

"నాయి గూడ పోయినయి గద. నేను బతుకుతలేనా?"

"మీరిచ్చినదాన్ని నా చేతులతోనే తీస్కపోయిన చాచా. నా ఎంట నమ్మి నడిచింది. ఇంకోదాని కండ్లల్లకు నేను సూడలేను."

చాచా ఆయన తల మీద చేయి పెట్టి వెళ్ళిపోయాడు.

బగ్గీని ఒక ఫంక్షన్ హాలు వాళ్ళు తీసుకుపోయారు. పచ్చిక మీద పెట్టి, పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురినీ కూర్చోబెట్టి ఫొటోలు తీస్తారట. మా ఆయన ఇప్పుడు ఒక రిసార్టులో బ్యాటరీ బండి నడుపుతాడు. వచ్చినవాళ్ళను తోటలు, చెరువు చూపించి తెస్తాడు. పని తేలికే, దుమ్ము లేదు, తిండి అక్కడే పెడతారు. ఎలా ఉందని అడిగితే, "ఏముంది, బటన్ నొక్కితే పోతది," అంటాడు.

ఆదివారం సెలవు తీసుకోవద్దని ఆయనకు నేనే చెప్పాను. ఎప్పుడైనా ఆ రోజు ఇంట్లో ఉంటే, విమానాల రోడ్డుకు పోయే వేళ కాగానే చెప్పులేసుకుని వాకిలిదాకా వెళ్తాడు. అక్కడ నిలబడి, ఎక్కడికి బయల్దేరాడో గుర్తురాని మనిషిలా నా వైపు చూస్తాడు. నేను లోపలికి రమ్మంటాను.