మా గోడ మీది వంతెన

నిన్న పొద్దున్న ఎలక్షన్ల వాళ్లు వచ్చి మా ప్రహరీ గోడకు ఫ్లెక్సీ కట్టుకుంటామని అడిగినప్పటినుంచీ నాకు కాలు నిలవడం లేదు. వీధి గుమ్మం దాకా వెళ్లి ఆ గోడ చూస్తున్నాను, మళ్లీ లోపలికి వస్తున్నాను, మా ఆవిడ పెట్టిన కాఫీ రెండుసార్లు చల్లారిపోయింది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో నినాదమంటే గోడకు సున్నం కొట్టి, ఆరాక నీలిమందు కలిపి కుంచెతో రాయడమే. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని, పైగా టీచర్ ట్రైనింగు అయి ఉద్యోగం రాక ఖాళీగా ఉన్నానని, ఏటి నడుమనున్న మా లంకలో ఆ పని నాకే అప్పజెప్పేవారు. ఒక ఎలక్షన్ల ఏడాది పార్టీవాళ్లు చీటీ మీద రాసిచ్చిన మాట, గెలిచిన ఏడాదిలో ఏటి మీద వంతెన. మొదట మా ఇంటి గోడ మీదే రాశాను, మూరెడేసి అక్షరాలు, నా పనితనానికి నేనే మురిసిపోతూ.

మా నాయనమ్మ బైబిలు చదవడం కోసమే చర్చి బడిలో అక్షరాలు నేర్చుకున్న మనిషి, రాసి ఉన్నదేదీ అబద్ధం కాదని ఆవిడ నమ్మకం. చిన్నప్పుడు పడవ తిరగబడి అన్న పోయిన దగ్గర్నుంచీ ఆవిడ ఏరు దాటలేదు, అవతలి ఒడ్డునున్న చెల్లెలే ఏటా క్రిస్మస్‌కు వచ్చి చూసి వెళ్లేది. ఆ చెల్లెలు మంచాన పడిందని కబురొస్తే, ఎలాగో గుండె చిక్కబట్టుకుని, చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని, నన్ను తోడు రమ్మని బయల్దేరింది. గుమ్మం దిగి గోడ దగ్గర ఆగి, బైబిలు వాక్యం చదివినట్టే ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివింది.

"ఇది నిజమేనంటావేంట్రా?"

నిజమేనన్నాను. ఆవిడ భయం చూడలేక అన్నానో, నా రాతను తక్కువ చేసుకోలేక అన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. అయితే ఏడాది ఓపిక పడితే వంతెన మీంచే వెళ్లొచ్చులే అంటూ లోపలికి తిరిగిపోయింది.

వాళ్లు గెలిచారు. వానాకాలం రాకముందే చెల్లెలు పోయింది. ఆ రోజు మాత్రం నాయనమ్మ పడవెక్కింది, కళ్లు గట్టిగా మూసుకుని, నేను కుంచె పట్టిన ఆ చేతినే పట్టుకుని. తిరిగొచ్చాక గోడ వైపు చూడకుండానే గుమ్మమెక్కింది.

వంతెన చాలా ఏళ్లకు వచ్చింది, ఇప్పుడు బండి మీద రెండు నిమిషాలు. నిన్న వచ్చినవాళ్లలో పెద్దాయన్ని, ఫ్లెక్సీ మీద ఉన్నదంతా చేస్తారా అని అడిగితే, నినాదమండీ, అలా వేస్తారంతే అని నవ్వేశాడు. ఆయన్ని తప్పు పట్టలేను, చీటీ ఇచ్చినవాళ్లను నేను ఆ మాత్రమైనా అడగలేదు. ఇప్పుడు గోడ దగ్గర ఆగి వేలు పెట్టి చదివేవాళ్లు లేరు, నిజమేనా అని అడిగేవాళ్లూ లేరు. నా బతుకులో ఒక్క మనిషి అడిగింది, ఆవిడకు నేనిచ్చిన జవాబు అదీ.