మా అత్తయ్యకు నచ్చిన ఇరుకు గదులు

మా అత్తయ్య పోయారన్న కబురు నాకు ఫోనులో వచ్చింది. ఫాఫాడీ చౌక్ దగ్గరి కంప్యూటర్ సెంటర్లో ఉదయం బ్యాచ్ ఆడపిల్లలకు టైపింగ్ చెబుతున్నాను. సెంటర్ నడిపే ఆయన రిసీవర్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఘర్ సే హై, బెహన్‌జీ" అన్నారు. ఇంటినుంచట. అవతల మా ఆయన. "అమ్మ వెళ్ళిపోయింది, నువ్వు రా" అని పెట్టేశారు. నేను బయలుదేరే ముందు పిల్లల పేజీలన్నీ సేవ్ చేయించానట. ఆ సంగతి తర్వాత వాళ్ళు చెబితే తెలిసింది, నాకు గుర్తు లేదు.

రాయ్‌పూర్ రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆవిడ చాలా ఏళ్ళు ఆపరేటర్‌గా చేశారు. మామగారు డ్యూటీలో ఉండగా పోతే, పసివాణ్ణి చంకనేసుకుని ఆ ఉద్యోగంలో చేరారు. ఆ రోజుల సంగతి ఆవిడ గొంతు ఎరిగినవాళ్ళు చెప్పాలి. నేను దగ్గరగా ఎరిగినవి చివరి రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ ఆవిడ ఒక్క గదిలోనే ఉన్నారు. అందులో చాలా భాగం నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

మాది పార్వతీపురం. అక్కడ ఒక బడిలో లెక్కలు చెప్పేదాన్ని. పెళ్ళై రాయ్‌పూర్ వచ్చిన మరుసటి ఏడు, వానాకాలంలో, అత్తయ్య బాత్‌రూములో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారుగాని సరిగ్గా అతకలేదు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి, అదీ ఒకరు పట్టుకుంటేనే. ఆ గదికి కిటికీ ఒకటే, తెరిస్తే పక్కింటివాళ్ళ ప్రహరీ గోడ. వేసవిలో కూలర్ పెట్టాక ఆ గోడ కూడా కనబడేది కాదు.

మా ఆయన ఉర్లాలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తారు. పొద్దున వెళితే చీకటి పడ్డాక రాక. ఇంట్లో మేమిద్దరం. నన్నెవరూ బయటికి వెళ్ళొద్దనలేదు. తలుపుకు తాళం లేదు. కాని ఆవిడకు బెడ్‌పాన్ పెట్టాలి, ఒళ్ళు తుడవాలి, గంటగంటకూ పక్కకు తిప్పాలి. కూరగాయల బండి వీధిలోకి వస్తే గుమ్మంలో నిలబడి కొనేదాన్ని. ఆ బండివాడితో నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కలే బయటి మనుషులతో నా మాటలు. ఉద్యోగం చేసిన రోజులు ఎవరికో జరిగినట్టు అనిపించేవి.

మా ఆయన ఇంట్లో ఆఫీసు పని చేసుకోవడానికి పాత కంప్యూటరు ఒకటి కొన్నారు. చోటు లేక దాన్ని అత్తయ్య గదిలోనే పెట్టారు. ఏదో పత్రికతో వచ్చిన సీడీలో ఒక ఆట ఉంది. గోదాములో ఒక బుల్లి మనిషి, చుట్టూ గోడలు, మధ్యలో కొన్ని పెట్టెలు. నేల మీద గుర్తులున్న చోటికి ఆ పెట్టెల్ని చేర్చాలి. పెట్టెను ముందుకు తోయగలంగాని వెనక్కి లాగలేం. మూలకు చేరిందంటే ఇక కదలదు, మళ్ళీ మొదలుపెట్టాలి. మధ్యాహ్నాలు ఆవిడ కళ్ళు మూసుకున్నప్పుడు నేను ఆడేదాన్ని. ఒకరోజు మంచం మీంచి మాట వచ్చింది.

"అటు తొయ్యకమ్మా, మూలకి పోతాది."

ఆవిడ నిద్రపోవడం లేదు, చాలా రోజులుగా చూస్తున్నారు. మర్నాటి నుంచి నడుముకి దిండ్లు పెట్టి ఆవిడనే కుర్చీలో కూర్చోబెట్టాను. బాణం గుర్తుల మీటలు నాలుగే కాబట్టి ఇబ్బంది లేదు. ఎక్స్ఛేంజిలో ప్లగ్గులు పెట్టి తీసిన వేళ్ళు, ఆడుతున్నప్పుడు చప్పుడు చేసేవి కావు.

సీడీలో ఒకదాని తర్వాత ఒకటి వచ్చే గోదాములు, వాటినే లెవెల్స్ అంటారు, దీపావళి లోపే ఆవిడకు విసుగు పుట్టించాయి. అన్నీ ఒకే మేస్త్రీ కట్టిన క్వార్టర్లలా ఉన్నాయన్నారు. అప్పుడు మా ఆయన చెప్పారు, ఈ ఆట మీద ఇష్టంతో సొంతంగా లెవెల్స్ కట్టేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారనీ, ఇంటర్నెట్‌లో ఊరికే పెడతారనీ. ఇంట్లో కనెక్షన్ లేదు. ఆ పని నా మీద పడింది. పక్కింటి పెద్దావిడను అత్తయ్య దగ్గర కూర్చోబెట్టి, ఫ్లాపీ పట్టుకుని ఫాఫాడీ సెంటర్‌కి వెళ్ళాను. కొత్త చెప్పులు వేసుకున్నానని గుర్తు.

అక్కడ వందలకొద్దీ ఉన్నాయి. వేటిని తేవాలో తెలియక, ఎక్కువమంది మెచ్చుకున్నవి ఏరుకొచ్చాను. ఒక్కొక్కటీ తెర నిండా పరుచుకునే పెద్ద గోదాము, దాని నిండా పెట్టెలు. అత్తయ్య సాయంత్రం దాకా ఆడి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఇది తెలివి కాదు, చాకిరీ అన్నారు. అందరూ బాగుందన్నారు కదా అంటే, అందరూ వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటారా అన్నారు.

అలా మొదలైంది వెతుకులాట. కష్టం ఎంతో చెప్పే గుర్తులు మాకు పనికిరాలేదు. ఒకరికి కష్టమైంది ఆవిడకు వట్టి శ్రమ. ఆటలోకి దిగకుండా బొమ్మ చూసి పోల్చుకోవడం నెమ్మదిగా అలవాటైంది. పెట్టెలు తక్కువ ఉండాలి. చోటు ఇరుకుగా ఉండాలి. చూడగానే ఇందులో ఏదీ కదలదు అనిపించాలి. అలాంటిది దొరికితే ఆవిడ మీట నొక్కేవారు కాదు. వంట అయ్యేదాకా, ఒక్కోసారి మర్నాటి దాకా చూస్తూ కూర్చునేవారు. తర్వాత ఎవరికీ తొయ్యాలని తోచని పెట్టెను, ఎవరూ అనుకోని వైపు తోసేవారు. ఒక్కసారిగా దారి విచ్చుకునేది.

నాకు అర్థం కాలేదు. నెలల తరబడి నాలుగు గోడల మధ్య పడున్న మనిషికి ఇరుకు గదులే ఎందుకు కావాలి? ఒకరోజు కాళ్ళకు నూనె రాస్తూ అడిగేశాను.

"ఇరుకని తెలిసిపోయింది కదమ్మా. ఇక ఇందులో ఎలా మసలాలో చూసుకోడమే. పెద్దదాన్లో ఇరుక్కుంటే, ఎక్కడ ఇరుక్కున్నామో కూడా తెలీదు."

తర్వాత ఆవిడ నన్నడిగారు, "మరి నీకేటి ఇష్టం?"

లెవెల్స్ సంగతే అడిగారు ఆవిడ. అయినా నూనె గిన్నె పక్కన పెట్టేశాను. పెళ్ళయ్యాక ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు. అప్పటినుంచి మధ్యాహ్నం ఒక గంట కుర్చీ నాదని ఆవిడే నిర్ణయించారు. ఆడగా ఆడగా తెలిసింది, నాకు ఇష్టమైనవి సరిగ్గా ఆవిడ విసుక్కున్న ఆ పెద్ద గోదాములు. తీరిగ్గా ఒక్కో పెట్టెనూ నడిపించుకుంటూ పోతే నాకు ఊపిరి ఆడేది. ఆవిడ నవ్వారు. "చాకిరీ చాలదేటి నీకు?" అన్నారు. కాని ఆ తర్వాత ఎప్పుడూ నా ఆటకు అడ్డు రాలేదు. నేను తప్పు తోస్తుంటే కూడా గోడవైపు తిరిగి పడుకునేవారు. మంచం మీంచి మాట వచ్చేది కాదు.

ఆవిడకు సరిపడే లెవెల్స్ ఒకాయన కట్టేవాడు. ఎక్కడో మంచుదేశం మనిషి. ప్రతి ఫైల్లోనూ పేరూ, మెయిల్ చిరునామా ఉండేవి. అవి అయిపోవచ్చాక, ఆయనకే రాయమన్నారు అత్తయ్య. ఆవిడ తెలుగులో చెబితే నేను ఇంగ్లీషులో రాశాను. మీ గదుల్లో ఒక్క గచ్చుపలక కూడా వృథాగా లేదు, మీకు ఎవరి గదులు నచ్చుతాయో చెప్పండి అని. జవాబు వచ్చింది. ఇద్దరు ముగ్గురి పేర్లు రాసి, మీకు నావి నచ్చితే వీళ్ళవీ నచ్చుతాయి అన్నాడు. నిజంగానే నచ్చాయి. జనం పొగడ్తల వెంట తిరిగిన నెలలకంటే ఆ ఒక్క జవాబు ఎక్కువ పనిచేసింది. ఆవిడ ఆ రోజంతా హుషారుగా ఉన్నారు. ట్రంక్ కాల్ కలిసినట్టుంది అన్నారు.

సెంటర్‌కి వారంవారం వెళ్ళడంతో అక్కడివాళ్ళు అలవాటయ్యారు. నా హిందీ కూడా కాస్త నిలబడింది. ఒకసారి ఆ సెంటర్ ఆయన, ఆడపిల్లల బ్యాచ్‌కి పొద్దుటిపూట చెప్పేవాళ్ళు కావాలి, మీరు వస్తారా అని అడిగారు. ఇంట్లో కుదరదన్నాను. ఇంటికి వచ్చి అత్తయ్యకు అన్నం తినిపిస్తూ, ఊరి కబురు చెప్పినట్టే చెప్పాను. ఆవిడ ఆ మాట పట్టించుకోనట్టే ఉన్నారు. రెండు రోజులు ఆట ఆడలేదు, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

ఆదివారం మా ఆయన ఇంట్లో ఉన్నప్పుడు పిలిచారు. నేను పాలు కాస్తున్నాను, వంటింట్లోకి మాటలు స్పష్టంగా వినిపించాయి.

"నాకాడ పగలు ఉండడానికి ఒక మనిషిని చూడరా. అమ్మాయి ఉద్యోగానికి వెళ్తాది."

"తను అడిగిందా?"

"తను అడగలేదు. నేను అడుగుతున్నాను."

మా ఆయన చెడ్డమనిషి కారు. బయటి మనిషి నిన్ను సరిగ్గా చూస్తుందా అమ్మా, పుండ్లు పడితే ఏమిటి అన్నారు. ఆయన భయం నిజమైనదే. అత్తయ్య అన్నారు.

"ఇరుక్కున్నది నేను. పక్కన ఇంకొకర్ని పెట్టి తాళం వేసినంత మాత్రాన నా తుంటి అతుక్కోదురా."

ఆ మాట విన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు. కోపం వచ్చింది, భయం వేసింది. నన్ను అడగకుండా నా సంగతి తేల్చేశారని, పైగా నేను లేకపోతే ఆవిడకు గడవదని. పాలు పొంగిపోయాయి. ఆ సాయంత్రం పక్క దులుపుతూ, నేను వెళ్ళను అత్తయ్యా అన్నాను. ఆవిడ బతిమాలలేదు, కోప్పడలేదు. నచ్చకపోతే మానెయ్, చూసి మానెయ్, చూడకుండా మానొద్దు అన్నారు. కొత్త లెవెల్స్ తెచ్చిన ప్రతిసారీ ఆవిడ నాతో అనే మాటే అది.

నేను వెళ్ళాను. బీర్‌గావ్ నుంచి ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ పగలు వచ్చేది. మంచి మనిషి, గట్టి చేతులు. ఆమెకు ఆట రాదు, అత్తయ్య నేర్పబోతే నవ్వేసేది. నేను మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి అత్తయ్య కళ్ళు తలుపు మీదే ఉండేవి. వచ్చావా అని మాత్రం అనేవారు. ఎలా గడిచిందంటే, గడిచింది అనేవారు. నాకు తెలుసు, నేను గెలుచుకున్న ఆ పూటలు ఆవిడకు పొడుగైన పూటలు. ఈ సంగతి తీపిగా మార్చి చెప్పడం నా వల్ల కాదు. ఆవిడ ఆ గదిలోంచి బయటపడలేదు. ఈ ఏడు వానలు మొదలయ్యాక ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. రైల్వే ఆసుపత్రిలో కొన్నాళ్ళు, మళ్ళీ ఇంట్లో కొన్నాళ్ళు. చివరి వారం తెర వైపు చూడలేదు. చూపించనా అంటే, నువ్వు ఆడుకో, నేను వింటానన్నారు. నేను పెద్ద గోదాము ఒకటి తెరిచి, మీటల చప్పుడు ఆవిడకు వినబడేట్టు ఆడాను.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం అంతకు ముందు, ఎండలు ముదరకముందు రోజు ఒకటి. ఎక్స్‌రేకి ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆటోలో వస్తుంటే, ఒకసారి స్టేషన్‌కి పోనిమ్మన్నారు అత్తయ్య. మా ఆయన విసుక్కోలేదు. తెలిసిన పోర్టర్ చక్రాల కుర్చీ తెచ్చాడు. ప్లాట్‌ఫారం చివర, రేకుల నీడ అయిపోయే చోట ఆపమన్నారు. మట్టికప్పులో చాయ్ ఇప్పిస్తే రెండు చేతులతో పట్టుకున్నారు. మా పార్వతీపురం మీదుగా విజయనగరం వైపు వెళ్ళే బండి కదిలింది. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి ఆవిడకు మూరెడు దూరంలో వేగం అందుకుంటున్నాయి. ఆ గాలికి తెల్లజుట్టు ముడి ఊడి మొహం నిండా పడింది. సర్దుదామని నేను చెయ్యి చాపాను. వద్దన్నట్టు తల ఊపి, కళ్ళు మూసుకుని, ఆవిడ అలాగే గాలికి ఎదురుగా కూర్చున్నారు.